బండరాయికీ సెక్షన్ గీయాలి

ఆర్కిటెక్ట్ ఆఫీసుకి సైట్ సర్వే వచ్చిందంటే, అందులో బండరాయి ఒక వంకర గీత, పక్కన ‘రాక్’ అన్న మాట. అంతే. మళ్ళీ దాని ఊసు వచ్చేది తవ్వకం ఖర్చు లెక్కలోనే. పదేళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నదాన్ని, నాకిది కష్టంగానే ఉంటుంది. అందుకే హైదరాబాద్‌లో ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ వైపు గుట్టల్ని కాగితం మీదికి ఎక్కించే పని పెట్టుకున్నాను.

ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపలే పగుళ్ళిచ్చి, ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు అరిగాయి. పైమట్టి కొట్టుకుపోయాక గుండ్రాళ్ళు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి గానీ, ఉన్నచోటే అలా మిగిలినవే.

సగం కొట్టేసిన గుట్టల దగ్గరికి బట్టర్ పేపర్, చార్‌కోల్ పట్టుకెళ్తాను. కాగితం రాతికి అదిమి రుద్దితే అచ్చు దిగుతుంది. ఎండకీ వానకీ అరిగిన వైపు గరుగ్గా, రవ్వరవ్వగా వస్తుంది. కొట్టిన వైపు మాత్రం నిలువునా సగం గొట్టాల్లాంటి గాడులు, కంప్రెసర్ డ్రిల్లు దిగిన జాడలు. వాటి మధ్య రాయి లేత గులాబీ రంగులో మెరుస్తుంది. చార్‌కోల్‌కి రంగు దొరకదు కాబట్టి అది పక్కన రాసుకుంటాను. అక్కడ సమ్మెట పని చేసే వడ్డెర పెద్దాయన ఒకరు, ఎటు కొడితే రాయి చీలుతుందో అరచేత్తో తడిమి చూపించారు. ఏ సర్వే షీటులోనూ లేని సంగతి అది.

తర్వాత పాత మ్యాపులు, శాటిలైట్ చిత్రాలు ముందేసుకుని సెక్షన్, అంటే గుట్టని నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే బొమ్మ, గీస్తాను. వాననీళ్ళు రాళ్ళ సందుల్లో ఇంకి మెల్లగా కింది కుంటకి చేరే దారి అప్పుడు కనిపిస్తుంది. మూడు సెల్లార్లు దిగాయా, ఆ దారి తెగిపోతుంది, నీళ్ళు రోడ్డెక్కుతాయి.

రాయిని ఉంచి కట్టడం కుదరదంటారు. కానీ మెహదీ నవాజ్ జంగ్ (తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయ్యారాయన) బంజారాహిల్స్‌లో బండల్ని కలుపుకునే ఇల్లు కట్టుకున్నారు. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఈ గుట్టల కోసం పోరాడుతూనే ఉన్నారు.

దుర్గం చెరువు, మాదాపూర్, ఖాజాగూడ రాళ్ళ దగ్గర మీ ఇంట్లోవాళ్ళు దిగిన పాత ఫొటోలుంటే పంపండి. ఏ ఏడు, ఎటునుంచి తీశారో గుర్తున్నంత రాయండి. పక్కన మనిషి నిలబడి ఉంటే చాలు, రాయి ఎత్తు లెక్కగట్టి సెక్షన్‌లో దాని చోట దాన్ని పెడతాను.