కొమ్మ లేని తోటలో పోతుని ఎక్కడ వేలాడదీయాలి?

మా కోనసీమలో చెట్టు లేని ఇల్లుండదు. అయినా ఒక మేకపోతుని వేలాడదీద్దామంటే చెట్టు దొరకదు. కొబ్బరిచెట్టుకి కొమ్మ ఉండదు. అరటికి బరువు కట్టే పనే లేదు. కోకోకి కాయలు కాండానికే కాస్తాయి, దానికి మోకు చుడితే రైతు ఊరుకోడు. పెరట్లో మామిడిచెట్టు ఉంటే అదృష్టమే గానీ, సరిగ్గా దాని నీడలోనే వంటవాళ్ళు పొయ్యిలు పెట్టుకుని ఉంటారు. అందుకని మా పనిలో చాలామంది చేసేది ఒకటే: టార్పాలిన్ పరిచి, జీవాన్ని దాని మీదే పడుకోబెట్టి తోలు ఒలిచేయడం. నాకది చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఎంత శుభ్రంగా పరిచినా ఒక పక్క ఒలిచి రెండో పక్కకి తిప్పేసరికి వెంట్రుకలు, ఇసుక, రక్తం అన్నీ మాంసానికే అంటుకుంటాయి. తర్వాత బకెట్లకొద్దీ నీళ్ళు పోసి కడగాలి. అలా కడిగితే మురికి పూర్తిగా పోదు సరికదా, ముక్క అంతా తడిసి నీరు కారుతుంది.

మాది అంబాజీపేట దగ్గర మటన్ షాపు. షాపులో పైన ఇనుప గడ్డర్, దానికి కొక్కేలు ఉన్నాయి కాబట్టి బెంగ లేదు. మున్సిపాలిటీ పరిధిలో అయితే 2001 నాటి రూల్స్ ప్రకారం గుర్తింపు ఉన్న వధశాలలోనే కోయాలి, అక్కడా వేలాడదీసే ఏర్పాటు ఉంటుంది. ఇబ్బందల్లా పల్లెల్లో ఫంక్షన్లకి వెళ్ళినప్పుడే. అందులోనూ గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలకి.

దీనికి దారి మా అక్క కొడుకు చూపించాడు. వాడు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ నవంబరు నెలాఖరులో తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట సీజన్. లైసెన్సు కొనుక్కుని, కొట్టిన జింకని రిజిస్టర్ చేయించుకోవాలి. వాడి ఆఫీసు స్నేహితులు ఏటా వెళ్తారు, ఒకసారి వీడూ కూడా వెళ్ళి వీడియో పంపాడు. "మావయ్యా, వేట సంగతి వదిలెయ్, బండి వెనకాల ఉన్నది చూడు" అన్నాడు.

వేట సంగతి నేను నిజంగానే వదిలేశాను. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, దాన్ని వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. జింక మాంసం కావాలని గుసగుసగా అడిగేవాళ్ళని నేను గడప తొక్కనివ్వను. కానీ ఆ బండి వెనకాల ఉన్న స్టాండు నా కళ్ళలోంచి పోలేదు.

అక్కడి పికప్ బండ్లకి వెనక ట్రాలీ తగిలించుకోవడానికి చదరపు గొట్టం ఒకటి ఉంటుంది, ఎక్కువగా రెండు అంగుళాలది. ఈ స్టాండు కాలు అందులోకి దూర్చి పిన్ను కొడతారు. నిలువు పైపు, పైన ముందుకి చాచిన చెయ్యి, చివర పుల్లీ, పైపుకి వించ్, అంటే చేత్తో తిప్పితే ఇనుప తీగ చుట్టుకుని బరువుని పైకెత్తే చక్రం. నిలువు పైపు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. తీగ చివర కావడిబద్దలాంటి రాడ్డు, దాని రెండు కొసలు జింక వెనక కాళ్ళలోకి దిగుతాయి. ఇంకో కాలు నేలకి ఆనుతుంది, లేకపోతే బరువంతా ఆ గొట్టం మీదే పడి వంగిపోతుంది. వేటగాళ్ళు పేగులు, పొట్ట చాలావరకు జింక పడినచోటే తీసేసి బండి దాకా లాక్కొస్తారట. ఇక్కడ వేలాడదీసి తోలు తీసి, చల్లగా గాలి తగలనిస్తారు. అక్కడ 2002 నుంచి జింకలకి మెదడుని తినేసే జబ్బు ఒకటి బయటపడిందట, అందుకని చేతికి గ్లోవ్స్ లేకుండా ముట్టుకోరు, వెన్నుపూస మీద కత్తి పెట్టరు, తల పరీక్షకి పంపుతారు. ఇదంతా వీడియోలో మా వాడు ఒక్కొక్కటే ఆపి ఆపి చెప్పాడు.

మా వెల్డింగ్ షాపు తమ్ముడికి చూపిస్తే మొదటి మాటే, "అన్నయ్యా, మన టాటా ఏస్‌కి ఆ గొట్టం ఉండదు కదండీ" అన్నాడు. బండి ఫ్రేముకి వెల్డింగ్ పెడదామా అంటే వద్దన్నాడు. ఆ వేడికి ఫ్రేము బలం పోతుంది, పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ అయిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కాబట్టి క్లాంపులు, బోల్టులతో బిగించేలా చేశాం. పని అయ్యాక విప్పి తొట్టిలో పడుకోబెట్టేస్తాం, రోడ్డు మీద ఏదీ బయటికి పొడుచుకు రాదు. కూలితో కలిపి 16 వేలు దాటింది.

రెండు విషయాల్లో మాత్రం నేను ఒక్క రూపాయి తగ్గించనివ్వలేదు. ఒకటి వించ్. హ్యాండిల్ వదిలేసినా బరువు జారకుండా తనంతట తనే పట్టుకునే బ్రేకు ఉన్నదే కావాలన్నాను. పళ్ళచక్రానికి చిన్న నాలుక అడ్డుపడే రకం చవకే గానీ, దించేటప్పుడు ఆ నాలుక ఎత్తగానే బరువంతా చేతి మీదకి వస్తుంది, హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. రెండోది మాంసానికి తగిలే కొక్కేలు, రాడ్డు. అవి 304 స్టెయిన్‌లెస్ స్టీలే. పెయింట్ వేసిన ఇనుము నాలుగు కడుగులకి పెచ్చులూడి మాంసంలో పడుతుంది.

పని ఎలా సాగుతుందంటే, ముందు రోజు రాత్రి నుంచి పోతుకి మేత ఆపి నీళ్ళు మాత్రం పెడతాం. పొట్ట ఖాళీగా ఉంటే సగం పని తేలిక. కోశాక వెనక కాలి మడమ పైన, నరానికీ ఎముకకీ మధ్య పలచటి పొర ఉంటుంది. వేలితో నొక్కితే తెలుస్తుంది. అక్కడ కత్తి మొనతో చిన్న గాటు పెడితే చాలు, కొక్కెం దూరిపోతుంది. నరం తెగిందా, జీవం జారి కింద పడ్డట్టే. మొదట తొడలు నా ఛాతీ ఎత్తుకి వచ్చేదాకా ఎత్తుతాను. కాళ్ళ దగ్గర తోలు ఒలిచాక ఇంకొంచెం, నడుము దగ్గరికి వచ్చాక ఇంకొంచెం. చెట్టుకి కట్టినప్పుడు ఈ సుఖం లేదు, పని కిందికి వెళ్ళేకొద్దీ మనమే వంగాలి. మా నాన్న నడుము అలాగే పోయింది.

వేలాడుతున్న జీవానికి తోలు ఒలవడంలో కత్తి పని తక్కువ, పిడికిలి పని ఎక్కువ. అంచు విడదీశాక తోలుకీ మాంసానికీ మధ్య పిడికిలి దూర్చి ఒత్తుకుంటూ పోతే తెల్లటి పొర చినగకుండా తోలు తనే దిగిపోతుంది. ఆ పొర ఉంటేనే మాంసం ఆరి శుభ్రంగా ఉంటుంది. వెంట్రుకలు పట్టుకున్న చెయ్యి మాంసానికి తగలకూడదు. మా కుర్రాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే, నేర్చుకోనివాడికి కత్తి ఇవ్వను. (తోలుతోనే కాల్చి కావాలనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి గ్యాస్ బర్నర్‌తో కాల్చి గీకడమూ వేలాడుతుండగానే నాలుగువైపులా తిప్పి చేసేస్తాం.)

తర్వాత అన్నం దిగే గొట్టం, కింద మలద్వారం దారంతో కట్టేస్తాం. పొట్ట కోసేటప్పుడు కత్తి పదును బయటికి పెట్టి, లోపల రెండు వేళ్ళు అడ్డం పెట్టి పై నుంచి కిందికి తీసుకురావాలి. బరువుకి పొట్ట, పేగులు ముందుకి ఒరిగి టబ్బులోకి వచ్చేస్తాయి, చెయ్యి పెట్టి లాగే పని ఉండదు. పిత్తం తిత్తిని కార్జం ముక్కతో కలిపి కోసి పారేస్తాం, అది పగిలితే ఆ చేదు ఎంత కడిగినా పోదు.

ఆ కార్జం గురించి ఒక మాట. మన దగ్గర జీవాలు కాలవ గట్ల మీద, చేల గట్ల మీద మేస్తాయి. ఆ తడి గడ్డిలో నత్తలుంటాయి, వాటి ద్వారా కార్జపు జలగలు జీవాలకి పడతాయి. వేలాడదీసి వెలుతుర్లో చూస్తే కార్జం మీద గట్టిపడిన తెల్లటి గొట్టాలు కనిపిస్తాయి, కోస్తే ఆకుల్లా బల్లపరుపుగా ఉన్న పురుగులు బయటికొస్తాయి. నేల మీద, చీకట్లో, హడావుడిలో కోస్తే ఎవరు చూస్తారు? అలాంటి కార్జం నేను ఇంటివాళ్ళకి చూపించి పక్కన పడేస్తాను. మొన్న ఒక లంకలో పెళ్ళింటి పెద్దావిడ దగ్గరుండి అంతా చూసి, "ఆయ్, మట్టంటకుండా కోసేరండీ, ఇదైతే మా కోడలు కూడా తింటాదండీ" అంది. నాకు చాలా సంతోషం వేసింది.

లంకల్లో ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ నేల ఒండ్రు. నేలకి ఆనే కాలు ఒట్టిగా పెడితే బరువు పడగానే దిగబడిపోతుంది. అడుగు చదరం ఇనుప పలక, దాని కింద టేకు చెక్క ఒకటి వేస్తాం. వరద తీసిన కొత్తల్లో అయితే బండిని గట్టు మీదే ఆపుకోవడం మంచిది.

జింకల వేటగాళ్ళలా రోజుల తరబడి వేలాడదీసి ఉంచడం మాత్రం మనకి కుదరదు. వాళ్ళ దగ్గర ఆ కాలంలో చలి సున్నా నుంచి నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది, మాంసం మెత్తబడుతుంది. మన కనుమ తెల్లవారుజాము చలి కూడా దానికి చాలదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. అందుకే నాలుగింటికి మొదలుపెట్టి, ఎండెక్కకముందే స్టాండు తిప్పి స్టీలు ట్రేలోకి దించేస్తాం. అక్కడినుంచి చింతమొద్దు మీదకి, గిన్నెలోకి. మిగిలింది ఐస్‌లోకి.

మీలో ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే పని అయిన ప్రతిసారీ వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. వించ్ తీగని పాత గుడ్డతో మొత్తం పొడవునా తుడవండి, వట్టి చేత్తో వద్దు. గుడ్డకి పోగు తగులుకుందంటే తీగ తెగడం మొదలైందని అర్థం. ఆ రోజే మార్చేయండి.