రాత్రి పదిన్నర నుంచి పదకొండున్నర దాకా

కిందటి జూన్‌లో మా తమ్ముడు డాలస్ నుంచి వచ్చి, వెళ్తూ వెళ్తూ తను వాడేసిన నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ కన్సోల్ నా చేతిలో పెట్టాడు. ఆ కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మదు కాబట్టి ఇక్కడ కనబడేవాటిలో చాలామటుకు ఇలా ఎవరో ఒకరి సూట్‌కేసులో దిగినవే. దాంతోపాటు ఒకే ఒక్క గేమ్ కార్డు ఇచ్చాడు. ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. 2017 మార్చిలో వచ్చిన ఆట. "ఇది వంద గంటల ఆటక్కా, తొందరపడకు" అన్నాడు. నేను బ్యాంకులో పనిచేస్తాను. తొందరపడకుండా ఉండడం మాకు ఏ ట్రైనింగులోనూ నేర్పరు.

పిల్లాడు పడుకుని, గిన్నెలు సర్దేసరికి పదిన్నర అవుతుంది. పదకొండున్నరకి నేనూ పడుకోకపోతే మర్నాడు కౌంటర్ దగ్గర ఆవలింతలు. అంటే రోజుకి గంట. వంద గంటల ఆటని గంట గంట చొప్పున ఆడితే ఎలా ఉంటుందో చెబుదామనే ఇది రాస్తున్నాను. ఈ ఆట గురించి రాసేవాళ్ళలో చాలామంది రాత్రంతా కూర్చోగలిగిన కుర్రాళ్ళు. వాళ్ళ లెక్క వేరు.

మొదలు బాగుంటుంది. లింక్ అనే కుర్రాడు 100 ఏళ్ళ నిద్ర నుంచి లేస్తాడు. గుహలోంచి బయటికి పరిగెత్తగానే హైరూల్ రాజ్యమంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. దూరంగా పొగమంచులో కోట, రెండుగా చీల్చినట్టున్న ఓ కొండ, పొగలు కక్కుతున్న ఇంకో కొండ. వాటిలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు, కానీ ఇప్పుడే కాదు. మనం ఉన్నది చుట్టూ నిలువు అంచులున్న పీఠభూమి. అక్కడ ఓ ముసలాయన కనబడి, నాలుగు గుడుల్లో ఉన్నవి తెస్తే కిందికి తేలుతూ దిగడానికి పారాగ్లైడర్ ఇస్తానంటాడు. ఆ గుళ్ళలో రెండు మంచులో ఉన్నాయి. చొక్కా ఒక్కటే వేసుకుని వెళ్తే, ప్రాణం ఎంత మిగిలిందో చూపించే గుండె గుర్తులు ఒక్కొక్కటే తరిగిపోతాయి. కాగడా పట్టుకుని వెళ్ళొచ్చు, లేదా మిరపకాయలు వండుకుని తిని వెళ్ళొచ్చు. మిరపకాయ తింటే చలి ఆగుతుందన్న సంగతి నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. అమెరికా కుర్రాళ్ళు కొందరు దీని దగ్గర గంటలు గంటలు తికమకపడ్డారని తమ్ముడు చెబితే నవ్వొచ్చింది.

కిందికి దిగాక చేయాల్సిన పనుల పట్టీలో రెండే రెండు పెద్ద పనులు. కకారికో అనే ఊళ్ళో ఇంపా అనే ముసలామెని కలవడం, గానన్ అనే రాక్షసుణ్ణి చంపడం. రెండోది ఆఖరి పని అని ఆట ఎక్కడా అనదు. ధైర్యం ఉంటే నేరుగా కోటకే వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళి అరగంట లోపే ఆట ముగించేసేవాళ్ళు కూడా ఉన్నారు.

నేనేం చేశానంటే, ఓ నోట్‌బుక్ తెరిచాను. హైరూల్‌లో చిన్న గుళ్ళు 120. నాలుగు గుళ్ళు చూస్తే ఒక గుండె గుర్తు పెరుగుతుంది, లేదా ఎక్కడానికీ పరిగెత్తడానికీ దమ్ము పెరుగుతుంది. రాత్రికి రెండు గుళ్ళు చొప్పున రెండు నెలల్లో అయిపోతాయని లెక్కేశాను. ఏ గుడి ఎక్కడుందో ఫోన్‌లో చూసి, దగ్గరి చోటికి మ్యాప్‌లో నొక్కి ఒక్క క్షణంలో ఎగిరి, పరిగెత్తి, ముగించి, టిక్కు పెట్టుకోవడం. మూడు వారాలకి నోట్‌బుక్‌లో 31 టిక్కులు వచ్చాయి. ఆట మీద మాత్రం విసుగొచ్చేసింది. లోపల అన్ని గుళ్ళూ ఒకేలా ఉంటాయి, అదే రాయి, అదే నీలం వెలుగు, అదే పాట. బయటేమో గడ్డి. మా బ్రాంచ్‌లో చేరిన కొత్త కుర్రాడొకడు ఇదే ఆట పన్నెండు గంటలాడి వదిలేశాట్ట. "ఏముంది మేడమ్, గడ్డి కోసుకుంటూ నడవడమే" అన్నాడు. అవునన్నాను. కన్సోల్ బీరువా మీదికి చేరింది.

కార్తీకమాసానికి మా అత్తయ్య వచ్చారు. ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఓ రోజు టీవీ పెట్టమంటే, ఆ వేళకి వచ్చే వార్తల గోల భరించలేక ఈ ఆట పెట్టాను. కాసేపు చూసి, "ఆ కొండ అవతల ఏముందమ్మా?" అన్నారు.

నాకు తెలీదు. మ్యాప్‌లో ఎగిరేవాళ్ళకి కొండ అవతల ఏముందో తెలీదు. సరే చూద్దామని నడిచాం. కొండ చుట్టూ తిరుగుతుంటే ఓ మలుపు దగ్గర చిన్న చెరువు కనబడింది. చెరువు గట్టున ఒంటరి రాయి. ఎత్తితే కింద నుంచి ఆకు మొహం వేసుకున్న కొరోక్ అనే బుల్లి దెయ్యం "యాహాహా" అంటూ లేచి ఓ గింజ ఇచ్చింది. అత్తయ్య ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వారు. అక్కణ్ణుంచి చూస్తే ఇంకో కొండ, దాని భుజం వెనక నుంచి సగం కనబడుతూ ఓ గుర్రపుశాల. అది చేరేసరికి పదకొండున్నర. టిక్కు పెట్టడానికి ఏమీ లేదు. పోనీ అనుకుని పడుకున్నాను.

ఇదేదో నా అదృష్టం కొద్దీ జరిగింది కాదని తర్వాత తెలిసింది. ఆట తయారుచేసినవాళ్ళు 2017లోనే జపాన్‌లో జరిగిన సెడెక్ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో ఇది చెప్పారు. నేల మీద వాళ్ళు కొండలూ గుట్టలూ రాళ్ళూ త్రికోణాల్లా పరిచారు. పెద్ద త్రికోణం దూరం నుంచి రమ్మని పిలుస్తుంది, మధ్యరకం దాన్ని కాసేపు దాస్తుంది, చిన్నది నడకలో అడ్డం పడుతుంది. ఎక్కి పోదామా, చుట్టి పోదామా అన్నది మనిష్టం. ఎలా పోయినా దాగి ఉన్నదేదో కొంచెం కొంచెంగా బయటపడుతుంది. గోపురమో గుర్రపుశాలో అలా తొంగిచూడగానే మనం అనుకున్న దారి మారిపోతుంది. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషిది క్యోటో. ఆట మ్యాప్ మీద తన ఊరి మ్యాప్ పెట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత దూరం ఉంటే నడిచేవాడికి ఎలా అనిపిస్తుందో చూసుకున్నాట్ట.

విశాఖలో ఉండేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణ ఒకసారి చేశాను, 32 కిలోమీటర్లు. కొండ కింది తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినప్పుడు కొండ పక్కనే ఉంటుంది. తర్వాత ఇళ్ళ వెనక్కి పోతుంది, ఓ చోట సముద్రం వస్తుంది, కొండ సంగతే మర్చిపోతాం. కాళ్ళు పీకి, ఇంక నావల్ల కాదనుకునే వేళకి మళ్ళీ కనబడుతుంది. నేరుగా రోడ్డు మీద అదే 32 కిలోమీటర్లు నడవమంటే నడిచేదాన్ని కాను.

నోట్‌బుక్ పక్కన పడేశాక ఆట నడక మారింది. నడపడం అత్తయ్య చేతుల్లోకి పోయింది అనడం నిజం. ఆవిడకి గానన్‌తో పని లేదు. "ఆ కుర్రాడికి ఇల్లూ వాకిలీ లేవా?" అన్నదే ఆవిడ బెంగ. హటేనో అనే ఊళ్ళో వంతెన అవతల పడగొట్టబోతున్న పాత ఇల్లొకటి ఉంది. మేస్త్రీని అడిగితే 3,000 రూపీలు, 30 మోపుల కలప తెస్తే ఇచ్చేస్తానన్నాడు. ఆ ఆటలో డబ్బు పేరే రూపీ, రంగురంగుల రాళ్ళలా ఉంటాయి. "మూడు వేలకి ఇల్లొస్తుంటే కొనకుండా రాక్షసుల వెంటపడతావేంటి?" అన్నారు అత్తయ్య. కాదనలేకపోయాను.

నా దగ్గరున్నవి 400 చిల్లర. కలప సులువే. బాంబు పెట్టి చెట్టు పడగొట్టి, పడిన దుంగని మళ్ళీ పేలిస్తే మోపు తయారు. డబ్బే కష్టం. లేళ్ళని కొట్టి మాంసం వండి అమ్మితే తొందరగా వస్తుంది, కానీ కార్తీకమాసంలో నా ఇంట్లో లేడిని కొట్టేది లేదని అత్తయ్య పట్టు. బొమ్మ లేడి అన్నా వినలేదు. పుట్టగొడుగులు ఏరాం, వండి అమ్మాం. కొండల్లో రాతి రాక్షసులు పడుకుని ఉంటాయి. వాటి వీపు మీద మెరిసే ఖనిజపు ముద్ద ఉంటుంది. పైకెక్కి దాన్ని కొడితే రత్నాలు రాలతాయి. అలాంటివాటిని వెతుక్కుంటూ తిరిగిన తిరుగుడులోనే నాకు హైరూల్ తూర్పు సగం తెలిసింది. పద్దెనిమిది రాత్రులు పట్టింది. కథ ఒక్క అడుగు కూడా ముందుకి పోలేదు. నేను ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువ సుఖపడింది ఆ పద్దెనిమిది రాత్రులే. తీరా కొన్నాక ఇంట్లో మంచం కూడా లేదు, దానికి ఇంకో 100. "తెలుసు, అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నారు అత్తయ్య, ఫ్లాట్ కొన్నప్పటి మా కష్టాలన్నీ గుర్తొచ్చినట్టు.

ఆట మన పగ్గాలు లాక్కునే చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. చేపల్లాంటి మనుషులైన జోరాల ఊరికి వెళ్ళే దారిలో వాన ఆగదు. వానలో కొండ ఎక్కితే చేతులు జారిపోతాయి. మామూలుగా అయితే ఆటలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఈ వానే. సగం కొండ ఎక్కాక చినుకులు పడితే అంచు మీద వేలాడుతూ చూడ్డం తప్ప చేసేదేముండదు. ఇక్కడ మాత్రం కావాలనే కురిపిస్తున్నారు. అడ్డదారులు మూసేసి, ఏటి పక్కన దారి పట్టుకునే నడిపించడానికి. నాలుగు రాత్రులు నడిచాను. చివర్లో కొండ మీద సింహం మొహం, గుర్రం ఒళ్ళు ఉన్న లైనెల్ ఒకటి కాపలా ఉంటుంది. దాని కళ్ళబడకుండా చెట్లకి గుచ్చుకున్న మెరుపు బాణాలు 20 ఏరుకురావాలి. మొదటిసారి దానికి దొరికిపోయాను, ఒక్క దెబ్బకే అయిపోయింది. తర్వాత పొదల వెనక పాక్కుంటూ పోయాను. అత్తయ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎంత తిరిగినా ఏమీ కాదన్న ధీమా వచ్చాక ఇలాంటి చోటు తగిలితే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకోటి ఈవెన్‌టైడ్ దీవి. ఆగ్నేయం మూల సముద్రంలో ఉంది. తెప్పెక్కి, పెద్ద ఆకుతో గాలి విసురుకుంటూ చేరాను. కాలు పెట్టగానే కత్తులూ బట్టలూ తిండీ అన్నీ లాగేసుకుంది. కట్టెపుల్లతో మళ్ళీ మొదట్నుంచి. ఆ రాత్రి పదకొండున్నర నియమం తప్పి ఒంటిగంట అయింది.

మెచ్చుకోళ్ళే రాస్తే అబద్ధమవుతుంది. నాలుగు దివ్యమృగాలని ఎంతో ఊరిస్తారు. ఏనుగు, ఒంటె, పక్షి, బల్లి రూపాల్లో ఉన్న మరబొమ్మలు, ఒక్కోటీ కొండంత. బయట నుంచి చూస్తే అబ్బ అనిపిస్తుంది. లోపలికెళ్తే మళ్ళీ ఐదేసి యంత్రాలు వెలిగించడం, చివర్లో ఒకే పోలికతో ఉన్న రాక్షసుడు. ఒంటె లోపలి గొట్టాలు తిప్పే చిక్కుముడి ఒక్కటే నాకు నచ్చింది. అందులోని మెరుపు రాక్షసుడు మాత్రం ఆరు రాత్రులు తిన్నాడు. కత్తులు విరిగిపోతాయన్నది అందరూ చేసే ఫిర్యాదు. నాకు వేరే జబ్బు. విరుగుతాయన్న భయంతో మంచివన్నీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా దాచుకుని తుప్పుకత్తులతోనే ఆట మొత్తం లాగించాను. కథ కూడా అక్కడక్కడా చెదిరి పడి ఉంటుంది. లింక్ మర్చిపోయిన సంగతులు మనం ఏ చోటికి ముందు వెళ్తే అది ముందు గుర్తొస్తాయి. రాకుమారి జెల్డా మీద నాకు జాలి కలగాల్సిన ఘట్టం, ఆమె ఎవరో సరిగ్గా తెలియకముందే వచ్చిపోయింది. తమ్ముడు ఇదే గొప్ప అంటాడు. నేను ఒప్పుకోను.

ఏప్రిల్ మొదటి వారంలో కోటకి వెళ్ళాం. జలపాతాలకి ఎదురీదే జోరా కవచం వేసుకుని, సగం కాపలాని తప్పించుకుని పైకి పోయాను. నాలుగు మృగాలూ మన పక్షాన ఉన్నాయి కాబట్టి గానన్ బలం మొదట్లోనే సగానికి పడిపోయింది. దాచుకున్న మంచి కత్తులన్నీ అప్పుడు బయటికి తీశాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. లైనెల్ దగ్గర పడిన భయంలో పావు వంతు కూడా పడలేదు. "ఇంతేనా?" అన్నారు అత్తయ్య. పేర్లు పడ్డాయి. తర్వాత ఆట నన్ను మళ్ళీ గానన్‌ని చంపకముందుకే తీసుకెళ్ళి నిలబెట్టి, మ్యాప్ మూలలో ఓ అంకె చూపించింది. 23 చిల్లర శాతం.

తమ్ముడు కొని ఉంచిన అదనపు ప్యాక్‌లో ఒక సదుపాయం ఉంది, మనం తిరిగిన చివరి 200 గంటల దారినీ మ్యాప్ మీద పచ్చగీతగా చూపిస్తుంది. పెట్టి చూశాను. నా మొదటి మూడు వారాలూ గుళ్ళ చుట్టూ తెగిపోయిన దారప్పోగుల్లా ఉన్నాయి. హటేనో చుట్టూ మాత్రం పిల్లలు గీకిన గీతల్లా చిక్కులు చిక్కులు. ఒక కొండకైతే మూడు ప్రదక్షిణలు చేసినట్టున్నాం, ఏ రాతి రాక్షసుడి కోసమో గుర్తులేదు.

అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని లేచి టీవీ దగ్గరికొచ్చారు. పైన ఎడమ మూల వేలు పెట్టారు. అక్కడ గీతే లేదు.

"ఇటు వెళ్ళలేదేం?"

"అది హెబ్రా అత్తయ్యా. అంతా మంచు కొండలు."

"మిరపకాయలున్నాయిగా."