అంకె పడితేనే గొడ్డలి లేచే పందెం

పొయ్యిలోకి చింతమొద్దు చీల్చేవాళ్లు మన చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. అయితే చీల్చడం వేరు, నరకడం వేరు. చీల్చేటప్పుడు దెబ్బ నార వెంబడి పోతుంది, గొడ్డలి లావుగా ఉంటేనే మొద్దు విచ్చుకుంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆడే మొద్దుల పందెంలో నారను అడ్డంగా తెంచాలి. అందుకే ఆ గొడ్డలి బరువు 3 కిలోల దగ్గర ఉన్నా అలుగు పలచగా, అంచు వెడల్పుగా ఉంటుంది. దాన్ని తెచ్చి మన చింతమొద్దు మీద వేస్తే అంచు విరిగిపోతుంది.

1870లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మానియా దీవిలోని అల్వర్‌స్టన్ దగ్గర, చెట్టు ఎవరు ముందు కూలుస్తారని ఇద్దరు కాసిన పందెంతో ఈ ఆట మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1891లో అదే దీవిలోని లట్రోబ్‌లో పోటీగాళ్లు సంఘం పెట్టుకున్నారు.

పడుకోబెట్టిన మొద్దు మీద నిలబడి నరికే పోటీ సంగతి చూద్దాం. మొద్దు అడ్డం 30 సెంటీమీటర్లు, గొడ్డలి అంచు 20 దగ్గర. ఒక్క దెబ్బకు గాటు మొత్తం రాదు కాబట్టి ఒక అంచున పైన, కింద వేసి, వెంటనే ఎదుటి అంచున అవే వేయాలి. రెండు అంచుల దెబ్బలూ లోపల కలిస్తేనే పేడు ఎగిరిపోతుంది. కలవకపోతే గాటులోనే వేలాడుతూ తర్వాతి దెబ్బను మింగేస్తుంది. మరీ నిటారుగా వేస్తే గొడ్డలి ఇరుక్కుంటుంది, మరీ వాల్చి వేస్తే జారి కాలి వైపు వస్తుంది. పాదాలకు ఇనుప జల్లెడ మేజోళ్లు అందుకే. మొద్దు మొదటి వైపు గాటు సగం దాటాకే రెండో వైపుకు తిరగాలి. తొందరపడి ముందే తిరిగితే రెండో గాటు లోతుకు దిగాల్సి వస్తుంది, అక్కడ ఇరుకై పేడు బయటికి రాదు.

తాతా మనవడూ ఒకే బరిలో నిలవడానికి కారణం అంకెల పద్ధతి, నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం అదే. ఎవరి సత్తాను బట్టి వారికి ముందే ఒక అంకె వేస్తారు, అది వినబడేదాకా నరకకూడదు. పోటీ మొదలుపెట్టించే స్టార్టర్ ఒకటి, రెండు, మూడు అంటూ గట్టిగా లెక్కపెడతాడు. మూడుకు తాత గొడ్డలి లేస్తుంది, ఆరుకు మనవడిది. మంచి బలంలో ఉన్న కొడుకు ఇరవై దాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. గెలిచినవాడి అంకె తర్వాతి పోటీకి పెరుగుతుంది. అందరి మొద్దులూ ఆఖరి దెబ్బలకు దగ్గరదగ్గరగా వచ్చాయంటే అంకెలు వేసినాయన పనితనం తెలిసినట్టే.

ఒకే రంపాన్ని ఇద్దరు చెరో కొసన పట్టి మొద్దు కోసే జంట రంపం పోటీలోనూ ఇంటివాళ్ల జోడీలకే బలం ఎక్కువ. రంపాన్ని లాగాలే గానీ నెట్టకూడదు. నెడితే బద్ద వంగి గాటులో పట్టేస్తుంది. ఎదుటివాడి లాగుడుకు చెయ్యి వదులుగా పోనివ్వడం ఏళ్లతరబడి కలిసి కోస్తే తప్ప అబ్బదు. టాస్మానియాకే చెందిన డేవిడ్ ఫాస్టర్, ఆయన తండ్రి జార్జ్ కలిసి ప్రపంచ టైటిళ్లు గెలిచింది ఈ జంట రంపంలోనే.

కనుమకు చంద్రగిరి పక్క రంగంపేటలో పశువుల పండుగ చూసినవాళ్లకు ఈ ఉత్సాహం కొత్త కాదు. మన దగ్గర పెట్టాలనుకుంటే, తోపుల్లో పెంచే నీలగిరి చాలు, అసలు దాని పుట్టిల్లే ఆస్ట్రేలియా. 20 సెంటీమీటర్ల దుంగతో మొదలుపెట్టండి, ముడులు లేనివి ఏరండి. ముడి తగిలితే అంచుకు పెచ్చు లేచిపోతుంది, ఆ మొద్దు పడినవాడికి అన్యాయం కూడా. శేషాచలం అడవి కట్టె జోలికి మాత్రం పోవద్దు. కొట్టిన దుంగ నాలుగు రోజులు ఎండలో ఉంటే గట్టిపడుతుంది. పోటీ రోజు దాకా తడి గోనెపట్టాలు కప్పి నీడన ఉంచండి, ఒకే చెట్టు దుంగలకు నంబర్లు వేసి చీటీలు తీయించండి.