తప్పించుకున్న కొద్దీ పెరిగే బెరుకు

‘కంఫర్ట్ జోన్ దాటి బయటకు రావాలి’ అన్న సలహా ఈ రోజుల్లో వినని వారుండరు. ఆ సలహాతో నాకు పేచీ లేదు. అయితే అది చెప్పేవారిలో చాలామంది, అలవాటైన చోటు వదలలేకపోవడాన్ని బద్ధకంగానో పిరికితనంగానో జమకట్టి, ఒక్కసారి తెగించి దూకితే అన్నీ వాటంతటవే చక్కబడతాయన్నట్టు మాట్లాడతారు. నా అనుభవంలోనూ, ఈ విషయం మీద నేను చదివినంతలోనూ తేలినది వేరు. మనల్ని ఉన్నచోటనే కట్టిపడేసేది, తప్పించుకున్న ప్రతిసారీ దక్కే ఉపశమనం. అది అప్పటికప్పుడు దక్కుతుంది, పైసా ఖర్చు లేకుండా దక్కుతుంది, అందుకే దాన్ని వదులుకోవడం అంత కష్టం.

ఆఫీసు సమావేశాన్నే తీసుకుందాం. ఎవరో ఒక ప్రతిపాదన వివరిస్తుంటారు. అందులో ఒక లెక్క సరిగా లేదని మీకు అనిపిస్తుంది. అడగాలనుకున్న మరుక్షణం గుండె దడ మొదలవుతుంది, అరచేతులు చెమరుస్తాయి, అడగబోయే వాక్యాన్ని లోలోపల సరిదిద్దుకుంటూ ఉంటారు. అంతలో ‘ఇంకేమైనా సందేహాలున్నాయా, లేకపోతే ముందుకు వెళదాం’ అన్న మాట వినిపిస్తుంది, తర్వాతి అంశం మొదలైపోతుంది. ఆ క్షణంలో భుజాల మీది బరువు దిగినట్టు ‘హమ్మయ్య’ అనిపిస్తుంది చూడండి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. నోరు మెదపకుండా ఉన్నందుకు మనసు మనకు అప్పటికప్పుడు ఇచ్చే బహుమతి అది. భయం కలిగించే పరిస్థితి నుంచి తప్పుకోగానే కలిగే ఊరట, తప్పుకునే అలవాటునే బలపరుస్తుందని అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త మౌరర్ 1947లోనే ప్రతిపాదించారు. ఆయన సిద్ధాంతంలోని కొన్ని అంశాలను తర్వాతివారు ప్రశ్నించినా, తప్పించుకోవడమే భయాన్ని బతికించి ఉంచుతుందన్న మూలసూత్రం నేటికీ చికిత్సల్లో ఉపయోగపడుతూనే ఉంది.

ఈ ఉపశమనానికి మనం చెల్లించే మూల్యం పైకి కనిపించదు. అడిగి ఉంటే ఏమయ్యేదో మనకు ఎప్పటికీ తెలియదు. అందరూ నవ్వేవారేమో అన్న ఊహను పరీక్షించే అవకాశమే రాదు కనుక అది చెక్కుచెదరకుండా అలాగే ఉండిపోతుంది, పైగా ప్రతి తప్పింపుతోనూ కొంత గట్టిపడుతుంది. ఇలాంటి ఊహలను నిజంగా పరీక్షకు పెట్టిన పరిశోధకులున్నారు. గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో విద్యార్థులకు వేసుకోవడానికే సిగ్గుపడే రకం టీషర్టు ఒకటి తొడిగించి, మిగతావారు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో ఉన్నవారిలో దాదాపు సగం మంది ఆ చొక్కా మీది బొమ్మను గుర్తుపట్టి ఉంటారని తొడుక్కున్నవారు అంచనా వేశారు. నిజానికి గుర్తుపట్టినవారు పావు వంతుకు దగ్గరలోనే ఉన్నారు. మన తడబాటును మనం ఎంత దగ్గరగా చూసుకుంటామో, ఇతరులు అంత దగ్గరగా చూడరు, వారి చొక్కాల గోల వారికి ఉంటుంది.

ఎప్లీ, ష్రోడర్ అనే ఇద్దరు 2014లో ప్రచురించిన ప్రయోగాలు కూడా నాకు ఇలాగే ఆసక్తికరంగా అనిపించాయి. రోజూ రైళ్లలోనూ బస్సుల్లోనూ ప్రయాణించేవారిని, పక్కన కూర్చున్న అపరిచితులతో మాట్లాడితే ఎలా ఉంటుందని ఊహించమంటే, మౌనంగా కూర్చోవడమే హాయని చెప్పారు. నిజంగా మాట్లాడవలసి వచ్చినవారు మాత్రం తమ ప్రయాణం మరింత ఆహ్లాదంగా సాగిందన్నారు. ఎదుటివారికి మనతో మాట్లాడే ఆసక్తి ఉండదన్న అనుమానమే ఇద్దరి నోళ్లనూ కట్టేస్తుందని ఆ పరిశోధకుల విశ్లేషణ. అలవాటైన గీత లోపల కూర్చుని బయట ఏముందో అంచనా వేస్తే, ఆ అంచనా తరచుగా ఒకే వైపుకు, అంటే చెడు వైపుకు, మొగ్గుతుంది.

అలాగని గీత దాటినంత మాత్రాన మేలు జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఎంత దూరం దాటాలన్నదే అసలు ప్రశ్న. ఈ సందర్భంలో బోర్లించిన గిన్నె ఆకారంలో ఉండే ఒక రేఖాచిత్రాన్ని వ్యక్తిత్వ వికాస శిక్షణల్లో తప్పనిసరిగా చూపిస్తారు. ఒత్తిడి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పనితీరు దెబ్బతింటుందని, మధ్యలో శిఖరం ఉంటుందని దాని సారాంశం. దీనికి ఆధారంగా చెప్పే యెర్క్స్, డాడ్సన్‌ల 1908 నాటి పరిశోధన ఎలుకల మీద జరిగింది. తెలుపు, నలుపు పెట్టెల మధ్య తేడా గుర్తించడం నేర్పుతూ, తప్పు దారి పట్టిన ఎలుకకు విద్యుత్ షాక్ ఇచ్చారు. దాని నుంచి ఉద్యోగుల ఉత్సాహం దాకా సాగదీయడం నాకు కొంచెం అతిగానే తోస్తుంది. అయినా ఆ పరిశోధనలో ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది. తేడా తేలిగ్గా తెలిసినప్పుడు షాక్ పెంచినకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం తీవ్రమైన షాక్ అవి నేర్చుకోవడాన్ని మందగింపజేసింది. కొత్తగా నేర్చుకునే కష్టమైన పని తట్టుకోగల ఒత్తిడి తక్కువేనన్నది మనుషుల విషయంలోనూ రోజూ చూస్తున్నదే.

‘ఒక్కసారిగా దూకెయ్’ అనేవారికి నేను చెప్పదలచినది 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వశాస్త్రవేత్త చేసి చూపించారు. కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల లోపు పిల్లవాడి భయాన్ని ఆమె మెల్లమెల్లగా పోగొట్టారు. పిల్లవాడు తనకు ఇష్టమైనది తింటూ ఉండగా, బోనులో ఉన్న కుందేలును గదిలో అతను సహించగలిగినంత దూరంలో ఉంచేవారు. అతను తట్టుకుంటున్న కొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చేవారు. కుందేలంటే భయం లేని ఇతర పిల్లలను కూడా అతని పక్కన ఆడుకోనిచ్చేవారు. చివరికి పీటర్ దాన్ని చేత్తో నిమిరే దశకు వచ్చాడు. ఒకేసారి కుందేలును తెచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టి ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. మనం పెద్దవాళ్లం కదా అని మన విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే చేయబోతాం.

ఈ మెల్లదనం విలువ నాకు నీళ్లలో తెలిసింది. నడి వయసులో ఈత నేర్చుకోవడానికి వెళ్లిన నాకు మునిగిపోతానన్న భయం కంటే, ఈత కొలనులో నా చుట్టూ ఉన్న పిల్లలు చేపల్లా తిరుగుతుంటే నేను గోడ పట్టుకుని నిలబడి ఉన్నానన్న సిగ్గే ముందు ఇబ్బంది పెట్టింది. నాకంటే చాలా చిన్నవాడైన శిక్షకుడు మొదట ఈదమని అననే లేదు. గోడ పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో గాలి వదలమన్నాడు. బుడగలు చెవుల పక్క నుంచి గలగలా పైకి పోతుంటే, ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే మెడ దానంతట అదే పైకి లేచేది. ‘సార్, తల ఎత్తకండి, అడుగున ఉన్న పలకలను చూడండి. తల ఎత్తారంటే కాళ్లు దిగిపోతాయి’ అని అతను ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అది అక్షరాలా నిజం. నీళ్లలో తల పైకెత్తిన కొద్దీ నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, కాళ్లు దిగిన కొద్దీ మునిగిపోతున్నామన్న కంగారు పెరుగుతుంది, ఆ కంగారుతో తల ఇంకా పైకెత్తుతాం. భయపడిన శరీరం తనను కాపాడుకోవడానికి చేసే పనే దాన్ని ముంచుతుంది. తల దించి, ఒళ్లు వదులు చేసి, కాళ్లు తేలడం మొదటిసారి అనుభవించినప్పుడు, నాకు ఈత రాలేదు కానీ, నీటి గురించి నాకున్న ఊహలు ఎంత తప్పో తెలిసింది. ధైర్యవచనాలు ఎన్ని విన్నా ఆ సంగతి తెలిసేది కాదు.

ఇబ్బంది అన్నది భయం ఉన్నచోటే ఉంటుందనుకోనక్కరలేదు. బాగా వచ్చిన పనిలోనూ అలవాటు గూడు కట్టుకుంటుంది. సంగీతం సాధన చేసేవారు వచ్చిన పాటనే ముచ్చటగా మళ్లీ మళ్లీ వాయించుకుంటూ గంటలు గడపవచ్చు, అది సాధనలా కనిపిస్తుంది కూడా. బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి ఎరిక్సన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త బృందం 1993లో వివరించిన సాధన మాత్రం, ప్రస్తుతం చేతకానిదాని మీద దృష్టి పెట్టి, శ్రమతో, దిద్దుబాట్లతో సాగేది. అది స్వతహాగా సరదాగా ఉండదని వారు దాచకుండా చెప్పారు.

ఆ సరదాలేనితనాన్ని ఎలా అర్థం చేసుకుంటామన్నది కూడా ముఖ్యమే. వూలీ, ఫిష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు 2022లో ప్రచురించిన పరిశోధనలో, అప్పటికప్పుడు కల్పించి నటించే నాటక శిక్షణలో చేరిన కొందరికి, ఇబ్బందిగా అనిపించడమే మీ లక్ష్యమని, అలా అనిపిస్తే అభ్యాసం పనిచేస్తున్నట్టేనని ముందే చెప్పారు. అలా విన్నవారు మిగతావారికంటే ఎక్కువసేపు రంగం మీద నిలిచారు, ఎక్కువ సాహసించారు. లోపల కలిగే గుబులు అదే, దానికి మనం పెట్టుకున్న అర్థం మారింది. నాకు చేతకావడం లేదనుకునేవారు ఆగిపోతారు. నేర్చుకుంటున్నాను కనుకే ఇలా ఉందనుకునేవారు కొనసాగుతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇబ్బంది అంతా ఎదుగుదలకు గుర్తు కాదు. పని భారం మోయలేనంతగా పెంచి, అడిగితే ‘కంఫర్ట్ జోన్ దాటితేనే ఎదుగుతావు’ అని నోరు మూయించే పెద్దలు ఉన్నారు. నలుగురిలో చిన్నబుచ్చి, దానికి శిక్షణ అని పేరు పెట్టేవారూ ఉన్నారు. ఆ చోటు వదిలిపెట్టడంలో తప్పించుకోవడం ఏమీ లేదు, అది వివేకం. ఇంకొందరికి భయం రోజువారీ జీవితాన్నే స్తంభింపజేసేంత తీవ్రంగా ఉంటుంది. వారికి కావలసింది ప్రోత్సాహక వాక్యాలు కావు, వైద్యుల సహాయం.

హాయిగా ఉండే చోటును శత్రువుగా చూడడం కూడా నాకు నచ్చదు. మనస్తత్వశాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్ పసిపిల్లల మీద చేసిన పరిశీలనల్లో, తల్లి గదిలో ఉన్నప్పుడు పిల్లలు ధైర్యంగా బొమ్మల దగ్గరికి వెళ్లి కొత్తవాటిని తడిమి చూశారు. ఆమె బయటకు వెళ్లగానే ఆ వెతుకులాట తగ్గిపోయింది. తిరిగి వచ్చి వాలడానికి ఒక చోటు ఉందన్న నమ్మకంతోనే పిల్లలు దూరం వెళ్లారు. ఉద్యోగం, ఊరు, స్నేహాలు అన్నింటినీ ఒకేసారి మార్చుకుని ‘కొత్త జీవితం’ మొదలుపెట్టేవారిని చూసినప్పుడు, వారు ఏ చెట్టు కింద సేద తీరుతారా అని నాకు దిగులేస్తుంది. ఒకటి మార్చేటప్పుడు మిగతావి కదలకుండా ఉంటేనే ఆ మార్పు నిలబడుతుందని నా అభిప్రాయం.

మరో భ్రమ కూడా ఉంది. ఎత్తయిన చోటు నుంచి తాడు కట్టుకుని దూకితే, ఆ ధైర్యం జీవితమంతటికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మనస్తత్వశాస్త్రవేత్త బందూరా 1977లో ప్రతిపాదించిన ప్రకారం ఒక పని చేయగలనన్న నమ్మకానికి అన్నింటికంటే బలమైన ఆధారం, ఆ పనిని స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. ఆ నమ్మకం కొంతవరకు పొరుగు పనులకు పాకవచ్చు కానీ, ఎక్కువగా ఆ పనినే అంటిపెట్టుకుని ఉంటుంది. నీళ్లలో తల దించడం నేర్చుకున్నందువల్ల సమావేశంలో నా నోరు పెగల్లేదు. దాన్ని మళ్లీ మొదటి మెట్టు నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఫొటోలకు పనికివచ్చే సాహసాల్లో చాలావరకు మనం నిజంగా తప్పించుకుంటున్నదానితో సంబంధం లేనివే. తప్పించుకుంటున్నది ఏమిటో తెలుసుకోవాలంటే, మన దగ్గర సాకులు అందంగా, తడుముకోకుండా సిద్ధంగా ఉన్న విషయాలు ఏవో చూసుకుంటే చాలు.

ఒకసారి జయించిన భయం మళ్లీ రావడం గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. కొంతకాలం ఎడం వస్తే అది తిరిగి తలెత్తుతుంది, చోటు మారినా తలెత్తుతుంది. పాత భయం చెరిగిపోదని, దాని పక్కన కొత్త జ్ఞాపకం చేరుతుందని, ఆ రెండింటిలో ఏది ముందు గుర్తుకు వస్తుందన్నది సందర్భాన్ని బట్టి ఉంటుందని మిషెల్ క్రాస్కే వంటి పరిశోధకులు వివరిస్తారు. అందుకే ఒకే గదిలో ఒకే తీరుగా కాక, రకరకాల చోట్ల, రకరకాల మనుషుల మధ్య అభ్యాసం చేయమని వారి సూచన. నేను సమావేశాల్లో ప్రశ్నలు అడగడం మొదట మా చిన్న బృందంలో, ఆపై వేరే విభాగం వారి ఎదుట, ఆ తర్వాత పైఅధికారులు కూర్చున్న చోట మొదలుపెట్టింది ఆ సూచన చదివాకే. పైఅధికారుల ఎదుట ఇప్పటికీ గొంతు తడారుతుంది. అందుకని ప్రశ్నను ముందుగానే కాగితం మీద రాసుకుని, చర్చ వేడెక్కకముందే, మొదటి వంతులోనే చెయ్యి ఎత్తేస్తున్నాను.