కువైట్ గేటు దగ్గర కాపలా

భారత సైన్యంలో హవల్దార్‌గా రిటైరై, పిల్లల చదువులకు పింఛను చాలక, పరకాల దగ్గరి మా ఊరి నుంచి కువైట్ వచ్చాను. ఇక్కడ ఒక విదేశీ సైనిక శిబిరం బయటి గేటు వద్ద సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చి ఎండలో కాంక్రీటు పని చేసేవారికి నా ఉద్యోగం చాలా సుఖమైనదిగా కనిపిస్తుంది. "నీకేందన్నా, నిలబడుడే గదా" అంటారు. ఆ నిలబడటంలో ఎంత కష్టముందో తెలియకుండా ఈ పనికి వచ్చిన యువకులు కొద్ది నెలల్లోనే కుంగిపోవడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

పోస్టులోకి ఫోను తేకూడదు, పుస్తకం తేకూడదు, రిలీఫ్, అంటే మన బదులు నిలబడే మనిషి, వచ్చేదాకా కదలకూడదు, అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడకూడదు. వచ్చిన ప్రతి వాహనం కిందికీ పొడవాటి పిడి ఉన్న అద్దాన్ని తోసి, ఇంజను అడుగు, డీజిలు ట్యాంకు పక్కలు, వెనుక చక్రాల లోపలి వైపు వరుసగా చూడాలి. రోజూ అదే నీళ్ల ట్యాంకరు వస్తుంది, అదే దుమ్ము పట్టిన ఇనుము అద్దంలో కనిపిస్తుంది. దాన్ని నడిపే తమ్ముడిది సిరిసిల్ల పక్క ఊరు. సెలవు రోజున నా గదికి వచ్చి అన్నం తిని పోతాడు. అయినా గేటు దగ్గర "మంచిగున్నవా అన్నా" అని అతడు పలకరిస్తే, నేను "పాస్ సూపెట్టు తమ్మీ" అని మాత్రమే అని, అతడి బతాకా, అంటే గుర్తింపు కార్డులోని ఫొటోను ముఖంతో పోల్చి చూస్తాను. మొదట్లో అతడు నొచ్చుకున్నాడు. ఎరిగిన ముఖమని వదిలేసే అలవాటు ఒక్కసారి మొదలైతే, ఆ ముఖాన్ని అడ్డం పెట్టుకొని ఇంకేదైనా లోపలికి పోవచ్చని వివరంగా చెప్పిన తర్వాత అతడే ముందుగా కార్డు చాచి పట్టుకుంటున్నాడు.

నిబంధన వెనుక కారణం తెలిస్తే దాని బరువు సగం తగ్గుతుంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోను వెలుగులోకి చూస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది. మసక వెలుతురులో పనిచేసే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు కాబట్టి, రాత్రి ఏదైనా కదిలినట్టు అనిపిస్తే దానికి కొంచెం పక్కగా చూడాలని మాకు సైన్యంలో నేర్పారు. కొత్తగా వచ్చినవారికి నేను మొదట చెప్పేది ఇదే. ఆ తర్వాత, ఎదురుగా ఉన్న స్థలాన్ని దగ్గర, మధ్య, దూరం అని మూడు పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీని కుడి నుంచి ఎడమకు నిదానంగా చూడమంటాను. ఊరినో అప్పునో తలచుకుంటూ నిలబడితే సమయం గడుస్తుంది గానీ చూపు ఆగిపోతుంది. ఇలా చూస్తే మనసుకూ పని దొరుకుతుంది, కాపలా కూడా సాగుతుంది.

అయితే ఇవన్నీ కొంతవరకే పనిచేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ రాడార్ ఆపరేటర్లు గంటల తరబడి తెర వంక చూస్తూ శత్రు జలాంతర్గాముల గుర్తులను ఎందుకు గమనించలేకపోతున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేశాడు. మొదటి అరగంట దాటగానే మనిషి గమనిక తగ్గుతుందని 1948లో ప్రచురించాడు. మన సైన్యంలో సెంట్రీకి, అంటే కాపలా నిలబడే సిపాయికి, సాధారణంగా రెండు గంటల డ్యూటీ, ఆపై నాలుగు గంటల విశ్రాంతి ఇవ్వడంలో ఎంత వివేకం ఉందో ఇక్కడికి వచ్చాకే నాకు పూర్తిగా అర్థమైంది. పోస్టులో నిద్రపోయిన సెంట్రీకి 1950 నాటి సైనిక చట్టంలో జైలు శిక్ష ఉంది. అంత కఠినంగా శిక్షించే వ్యవస్థే అతడు మెలకువగా ఉండగలిగేలా గంటలను కూడా పంచింది. ఇక్కడ మాకు శిక్ష మాత్రమే వచ్చింది, ఆ పంపకం రాలేదు. పన్నెండు గంటల షిఫ్టులో కునుకు తీసినవాడి జీతం కోస్తారు, సోమరి అంటారు. వాళ్లు సోమరులు కారు. మనిషి కళ్లకు సాధ్యం కాని పనిని వాళ్ల మీద మోపుతున్నారని గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే ఈ ఉద్యోగానికి బయలుదేరేవారు జీతం ఒక్కటే అడగకుండా, రిలీఫ్ ఎన్ని గంటలకు వస్తుంది, పోస్టు మారుస్తారా, కూర్చోనిస్తారా అన్నవి కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే అడగాలి. ఏజెంటు సర్కారు దగ్గర నమోదైనవాడో కాదో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూసుకోవాలి. మా గేటు దగ్గర మేమంతా కలిసి అడిగితే, రాత్రి షిఫ్టులో అద్దం, పాసుల బల్ల, కాపలా గోపురం ఈ మూడింటి మధ్య గంటకోసారి మనుషులను మార్చడానికి సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు. లాగ్‌బుక్‌లో రాత్రి నమోదులు అప్పటి నుంచి మరింత వివరంగా ఉంటున్నాయని ఆయనే చెప్పాడు. పగటి షిఫ్టుకు కూడా అదే పద్ధతి పెట్టమని ఆ లాగ్‌బుక్‌నే చూపించి అడగబోతున్నాం.