మూడడుగుల మాట

దీపావళి మర్నాడు పొద్దున మా మల్కాజిగిరి గల్లీలో మొదట వినిపించేది చీపురు చప్పుడే. రాత్రి కాల్చిన పటాకుల కాగితాలు ఇంటింటి ముందూ ఎర్రగా పడి ఉంటాయి. హైదరాబాద్ నగరంలో మరోవైపు సదర్ ఉత్సవం కోసం దున్నపోతులకు నూనె పట్టించి, పూలదండలు వేసి ముస్తాబు చేస్తుంటారు. ఈ సందడిలో ఆ రోజు కార్తీక శుద్ధ పాడ్యమి అనీ, దాన్నే బలిపాడ్యమి అంటారనీ చాలామందికి గుర్తుకు రాదు. మా నాన్న మాత్రం మరిచేవారు కాదు. ఆయన బడిపంతులు. తలస్నానం చేసి, అట్ట ఊడిపోయిన పోతన భాగవతంలో అష్టమ స్కంధం తీసి, ఈ పద్యం గొంతెత్తి చదివేవారు:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపై
బేరైనం గలదే? శిబిప్రముఖులున్ బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా!

ఎంతమంది రాజులు కాలేదు, ఎన్ని రాజ్యాలు ఏలలేదు? వాళ్ళంతా ఏరి? సిరి మూటగట్టుకుని పోయారా? శిబి లాంటివాళ్ళు కీర్తి కోరి, అడిగినవారికి అడిగింది ఇచ్చారు. వాళ్ళను ఈనాటికైనా మరిచామా? బలి తన గురువు శుక్రాచార్యుడితో అంటున్న మాటలివి.

దీన్ని వైరాగ్య పద్యమని చెబుతుంటారు. నాకలా అనిపించదు. ‘యశఃకాములై’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. కామం ఎక్కడికీ పోలేదు. బలి అప్పటికే ఎంతో కోరుకున్నవాడు. ఇంద్రుడి చేతిలో ఓడి, శుక్రుడి దయతో మళ్ళీ బతికి, విశ్వజిద్యాగం చేసి, అగ్నిలోంచి వచ్చిన బంగారు రథమెక్కి అమరావతి మీదికి వెళ్ళాడు. అతని తేజస్సు చూసి దేవతలు యుద్ధమే చేయకుండా స్వర్గం విడిచి వెళ్ళిపోయారు. అలాంటివాడు నర్మదా తీరాన అశ్వమేధం చేస్తుండగా ఓ పొట్టి వటువు వచ్చి మూడడుగుల నేల అడిగాడు. బలి తన కోరికను చంపుకోలేదు. అదే పట్టుదలను తీసుకోవడం మీది నుంచి ఇవ్వడం మీదికి మళ్ళించాడు.

మూడడుగులంటే ఎంతో నాకు బాగా తెలుసు. మా ఇంటి పక్కగోడ వెంట అంతే వెడల్పున దారి ఒకటుంది. మా వెనక ఇంటికి రోడ్డు లేదు. నలభై ఏళ్ళ కింద ఆ ఇంటి పెద్దమ్మ వచ్చి అడిగితే, “నడువుండ్రి, మనుషులు నడవడానికే గదా జాగ” అన్నారట నాన్న. పైసా తీసుకోలేదు, కాగితం రాయలేదు. ఆయన పోయాక అన్నా నేనూ పాతిల్లు పడగొట్టి కట్టుకుందామని కూర్చున్నప్పుడు, ఆ మూడడుగులు కలుపుకుంటే రెండు కార్లకు పార్కింగ్ వస్తుందని బిల్డర్ లెక్క వేసి చూపించాడు. ఇప్పుడు మా దగ్గర గజం ధర ఎంతో నగరంలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. వకీలును అడిగితే, “రాసిచ్చిన కాగితం లేదు గదా, నోటిమాటను పట్టుకుని ఎందుకు నష్టపోతారు?” అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, మా మేలు కోరే చెప్పాడు. నాకూ ఆ మాట తియ్యగానే వినిపించింది.

శుక్రుడూ మేలు కోరినవాడే. వచ్చినవాడు విష్ణువని ముందే పోల్చుకుని, ఇస్తే నీకేమీ మిగలదని స్పష్టంగా చెప్పాడు. ప్రాణానికీ, ధనానికీ, మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం అంటదని ధర్మసూక్ష్మం కూడా చూపించాడు. దానికి బలి ఇచ్చిన జవాబు చదువుతుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నరకమే రానీ, బంధమే రానీ, దుర్మరణమే రానీ, వంశమే అంతరించనీ, ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అంటాడు. ఆడినమాట తప్పడం ఆ నాలుకకు చేతకాదు. గురువు పదభ్రష్టుడివి కమ్మని శపించినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చిన్నప్పుడు నాకు వామనుడి మీద కోపం వచ్చేది. పొట్టివాడిగా వచ్చి అడిగి, పెరిగి కొలవడం మోసం కాదా అని నాన్నతో వాదించేవాణ్ణి. “ధార పొయ్యకముందే గురువు అన్నీ చెప్పిండా లేదా?” అనేవారాయన. అవును, బలి తెలియక ఇవ్వలేదు. ఎవరికి ఇస్తున్నాడో, ఎంత పోతుందో తెలిసే నీళ్ళు వదిలాడు. రెండడుగులకే లోకాలన్నీ అయిపోయాయి. తన రాక్షసులు ఆయుధాలెత్తితే కాలం మనది కాదని బలి తానే వాళ్ళను ఆపాడు. వరుణపాశాలతో కట్టుబడి నిలబడి కూడా ‘నీ తృతీయపదము నిజము నా శిరమున నెలవు సేసి పెట్టు’ అన్నాడు. అప్పుడు భార్య వింధ్యావళి వచ్చింది, తాత ప్రహ్లాదుడు వచ్చాడు, బ్రహ్మ కూడా వచ్చి, సర్వమూ ఇచ్చినవాణ్ణి ఇలా కట్టిపడేయడం తగునా అని అడిగాడు. ఆ ప్రశ్నను పోతన దాచలేదు. రాజులకు అంకితమివ్వనని రాముడికే తన కావ్యాన్ని ఇచ్చుకున్న కవి కదా, భగవంతుణ్ణి నిలబెట్టి అడిగించడానికి జంకలేదు.

దానికి స్వామి ఇచ్చిన తీర్పులో ఒక సంగతి నన్ను ఎన్నాళ్ళుగానో పట్టి ఉంచింది. బలికి సుతల లోకం ఇచ్చి, తానే కాపలా ఉంటానన్నాడు. అంతటితో ఆపలేదు, రాబోయే సావర్ణి మన్వంతరంలో ఇంద్రుడివి నువ్వే అన్నాడు. మన్వంతరమంటే ఒక మనువు ఏలే కాలం, ఒక్కోదానికి ఒక్కో ఇంద్రుడు. మనమున్నది ఏడోదైన వైవస్వత మన్వంతరం, సావర్ణి ఎనిమిదోది. అంటే ఇంద్రపదవి కోరడం బలి చేసిన తప్పు కాదు. వరుస రాకముందే, మరొకరు కూర్చుని ఉండగా, బలంతో ఎక్కాడు. స్వామి తీసుకున్నది ఆ బలంతో వచ్చినదాన్నే. కోరికను మాత్రం కొట్టివేయలేదు, దానికొక కాలం రాసిపెట్టాడు. ఇంతకంటే దయగల న్యాయం నేనింకెక్కడా చదవలేదు.

పద్యం చదివినప్పుడల్లా పోచంపల్లి కూడా గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే మన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి నడిచి వచ్చి, అక్కణ్ణుంచి తెలంగాణ పల్లెల్లోకి బయల్దేరారు. భూమి కోసం నెత్తురు పారుతున్న రోజులవి. 18వ తేదీన పోచంపల్లిలో దళిత కుటుంబాలవాళ్ళు ఎనభై ఎకరాలుంటే చేసుకుని బతుకుతామన్నారు. ఇవ్వగలవాళ్ళెవరైనా ఉన్నారా అని వినోబా సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటే ఇరవై ఎక్కువ. భూదానోద్యమం మొదలైంది అక్కడే. కానీ తర్వాతి కాలంలో భూదాన భూముల చుట్టూ ఎన్ని వివాదాలు వచ్చాయో మనం చూస్తూనే ఉన్నాం. ఇచ్చినవాడి నాలుక తిరగకపోయినా, వెనక వచ్చినవాళ్ళ నాలుక తిరగవచ్చు.

పోయిన బలిపాడ్యమి నాడు నాన్న పుస్తకం తీసి, ఆయన చదివినట్టే గొంతెత్తి చదవబోయాను. ‘సిరి మూటగట్టుకొని’ దగ్గర నా గొంతు ఆగిపోయింది. పుస్తకం పట్టుకునే అన్న దగ్గరికి వెళ్ళాను. తను రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున ఫోన్ చేసి, “నాన్న ఇచ్చిండు గదా తమ్మీ, మనం గుంజుకునుడేంది?” అన్నాడు. మా పిల్లల దాకా తేకూడదని, దారి రాసిచ్చి రిజిస్ట్రేషన్ చేయిద్దామని కూడా తనే అన్నాడు.

పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. మనవడి చెయ్యి పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చింది. పని అయ్యాక కాగితాలు ఆమె చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, నా ముఖంలోకి చూసింది.

“గీ కాగితం ఎందుకు బిడ్డా? మీ నాయిన చెప్పిండు గదా” అంది.