ఏడో లోకం దాకా పెన్సిల్ టిక్కులు

శనివారం, రెడ్‌మండ్

పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. పాలు తెద్దామని బయల్దేరి, రెండు వీధుల అవతల ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్ కనబడితే ఆగాం, నేనూ చిన్నోడూ. అట్టపెట్టెలో ‘నింటెండో పవర్’ అనే వీడియోగేమ్ పత్రిక పాత సంచికలు పన్నెండున్నాయి. వాళ్ళబ్బాయివట. ఐదు డాలర్లకు మొత్తం ఇచ్చేసింది ఆ పెద్దావిడ.

మధ్యాహ్నమంతా వాటితోనే గడిచింది. మారియో ఆట చేసిన నింటెండో వాళ్ళ అమెరికా ఆఫీసు మా ఊళ్ళోనే ఉంది. దాని పక్క నుంచే వెళ్తుంటాను కానీ, ఇంతమంది పిల్లలు ఎదురుచూసిన పత్రిక ఆ ఆఫీసుదేనని ఎప్పుడూ తలుచుకోలేదు. 1987లో నింటెండో అభిమానుల ‘ఫన్ క్లబ్’ సభ్యులకు పంపిన చిన్న న్యూస్‌లెటర్ దీనికి మూలం. ఏడు సంచికలయ్యాక దాన్ని ఆపి, 1988 జూలై-ఆగస్టులో గెయిల్ టిల్డెన్ సంపాదకురాలిగా ఈ పత్రిక తెచ్చారు. మొదటి అట్ట మీద మట్టితో చేసిన మారియో. 2012 డిసెంబర్‌లో 285వ సంచికతో ఆగిపోయేనాటికి ప్రచురణ వేరే కంపెనీ చేతిలో ఉంది. అయినా చివరి అట్ట మీద కూడా మట్టి మారియోనే పెట్టారు. ఆ సంగతి నాకు చాలా నచ్చింది.

కంపెనీ సొంత పత్రిక, అమ్మకాల కోసమే పెట్టింది, నిజమే. 1990లో చందా కట్టినవాళ్ళకు డ్రాగన్ వారియర్ అనే ఆట క్యాసెట్ ఉచితంగా ఇచ్చారు. కానీ ఇందులోని ఆటల మ్యాపులు చూస్తే ఆ మాట మరిచిపోతాం. ఆటలోని తెరలన్నీ వరసగా అతికించి, ఎక్కడ ఏ పైపులో దిగాలో, ఏ ఇటుక కొడితే ఏమొస్తుందో చూపించారు. ఎవరో కూర్చుని అంతా ఆడి, పదేళ్ళ పిల్లాడికి అర్థమయ్యేలా పేర్చారు. గుంటూరులో నేను మారియో ఆడే రోజుల్లో దారి చెప్పడానికి పక్కింటి అన్నయ్య ఒక్కడే దిక్కు. అతను ఊరెళ్తే ఆట అక్కడే ఆగేది.

స్కోరు రుజువుకి టీవీ తెరను ఫోటో తీసి పత్రికకి పోస్టులో పంపేవాళ్ళట పిల్లలు. రీలు కడిగించి, కవరు అంటించి, తర్వాత సంచిక వచ్చేదాకా ఆగడం! చిన్నోడు నమ్మలేదు.

పదమూడో సంచిక మొత్తం సూపర్ మారియో బ్రదర్స్ 3 గురించే. ఎనిమిది లోకాల మ్యాపులున్నాయి. గెలిచిన ప్రతి మెట్టు పక్కనా ఆ అబ్బాయి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు. ఏడో లోకం, ఆ పైపుల లోకం దాకా ఉన్నాయి టిక్కులు. ఎనిమిదోది ఖాళీ.

చిన్నోడు ఆ పేజీ తెరిచి పెట్టుకుని రాత్రి నింటెండో స్విచ్ గేమ్ మెషీన్‌లో అదే ఆట మొదలెట్టాడు. మొదటి లోకం నుంచే ఆడతాడట. పెన్సిల్ ఎక్కడుందని అడుగుతున్నాడు.